చిట్టా లేని ఆవర్జా

మలక్‌పేట గంజ్‌లో మిర్చి, ఉల్లి వ్యాపారం చేసిన పాతతరం దుకాణదారుల గద్దె పక్కన ఎప్పుడూ రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి చిట్టా, రెండవది ఆవర్జా. ఏ పూట ఏ లావాదేవీ జరిగితే ఆ పూటనే, జరిగిన వరుసలోనే వ్రాసుకొనేది చిట్టా. ఎవరి పేరున ఎంత బాకీ, ఎంత జమ అని ఖాతాల వారీగా తేల్చి వ్రాసేది ఆవర్జా. ఆవర్జాలో తేడా వచ్చిన నాడు ఆసామి మీద గాని, గుమాస్తా మీద గాని కేకలు వేయుటకు ముందు షావుకారు చిట్టా తెప్పించేవాడు. తగవు చిట్టా దగ్గర తీరేది. ఉర్దూలో దీనినే రోజ్‌నామ్చా అంటారు. పేరు ఏదైనా పని ఒకటే. ఫలితంతో పాటు, ఆ ఫలితానికి దారితీసిన నడకను కూడ భద్రపరచుట.

ఈ రోజున మన ఆవర్జాలన్నీ కంప్యూటర్లలోకి చేరినవి. విద్యార్థి ప్రవేశం, ఫీజు, హాజరు, ఉపకారవేతనం, మార్కులు, గ్రంథాలయపు పుస్తకం, సమస్తమూ డేటాబేస్ అనే మహా ఆవర్జాలో నమోదవుతున్నవి. మంచిదే. అయితే ఆవర్జాను అంత శ్రద్ధతో నిర్మించుకున్న మనము చిట్టాను మరచితిమి. మరచితిమనుట కూడ సరికాదు. చిట్టా వ్రాసే ఏర్పాటు యంత్రంలోనే ఉన్నది, దానిని మూసి ఉంచితిమి. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన మాట ఇదే: డేటాబేస్‌తో మాట్లాడే డ్రైవర్ అనే సాధనానికి లాగింగు, ట్రేసింగు అనే రెండు రకాల చిట్టాలు ఉన్నవి. వాటిని ఎప్పుడు తెరవవలెను, ఎంతవరకు తెరవవలెను, వ్రాసిన దానిని ఎవరు చదువవలెను అని నిర్ణయించుకొనుట కేవలం సాంకేతిక నిపుణుల పని కాదు. అది విద్యాసంస్థ న్యాయబుద్ధికి సంబంధించిన పని.

తెలుగు బోధించే మేము ఈ విషయం ఎత్తుకొనుట కొందరికి వింతగా తోచవచ్చును. ఛందస్సు, అలంకారాలు చెప్పుకొనక డ్రైవర్ల గొడవ మీకెందుకని మిత్రులు హాస్యమాడినారు కూడ. చిన్న కళాశాలల్లో అధ్యాపకుడు పాఠం మాత్రమే చెప్పి ఇంటికి పోవు అదృష్టం లేదని పాఠకులకు తెలియనిది కాదు. ఉపకారవేతనాల దరఖాస్తుల బాధ్యత ఒకప్పుడు మా నెత్తిన పడినది. అక్కడ నేర్చుకున్న పాఠమే ఇక్కడ వ్రాయుచున్నాము.

ముందుగా డ్రైవర్ అనగానేమి? మనము తెర మీద చూచే ప్రోగ్రాము ఒక భాషలో అడుగుతుంది, లోపల ఉన్న డేటాబేస్ మరొక భాషలో వింటుంది. నడుమ నిలిచి అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసే దుబాసి పేరే డ్రైవర్. కుంపిణీ దొరల కాలంలో దుబాసి ఎంత ముఖ్యుడో ఈ కాలంలో డ్రైవర్ అంత ముఖ్యుడు. ఒకప్పుడు ప్రతి డేటాబేస్‌కు ఒక ప్రత్యేకపు మాటతీరు ఉండేది. ఒక సంస్థ డేటాబేస్ కోసం వ్రాసిన ప్రోగ్రాము మరొక సంస్థ డేటాబేస్‌తో పనిచేసేది కాదు. ఈ చిక్కు తీర్చుటకు 1992లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఓ.డి.బి.సి. అనే ఉమ్మడి పద్ధతిని ప్రవేశపెట్టినది. 1997లో సన్ సంస్థ జావా భాష కొరకు జె.డి.బి.సి. అనే దానిని తెచ్చినది. నేటికీ లోకంలో లెక్కలేనన్ని కార్యాలయాలు ఈ రెండు దారుల గుండానే తమ ఆవర్జాలతో మాట్లాడుచున్నవి.

దుబాసి సరిగా చెప్పినాడా లేదా అని తెలుసుకొనుటకు ఉన్న మార్గం ఒకటే. అతడు ఎవరితో ఏ మాట అన్నాడో అప్పటికప్పుడు వ్రాయించుట. ఇందులో లాగ్ అనేది ముఖ్యమైన సంఘటనల దినచర్య. ఫలానా గంటకు అనుసంధానం కుదిరినది, ఫలానా గంటకు తెగినది, ఫలానా ప్రశ్నకు జవాబు ఆలస్యమైనది అని వ్రాస్తుంది. ఓడ వేగాన్ని కొలుచుటకు నావికులు నీటిలోకి విడిచిన కొయ్యముక్క పేరు నుండి ఈ లాగ్ అనే మాట పుట్టినది. ఆ కొలతలు వ్రాసుకున్న పుస్తకం లాగ్‌బుక్ అయినది. ట్రేస్ అనేది అంతకంటె సూక్ష్మం. అది అడుగుజాడ. ప్రోగ్రాము డ్రైవర్‌ను పిలిచిన ప్రతి పిలుపును, ప్రవేశించిన క్షణాన ఒకసారి, వెలువడిన క్షణాన ఒకసారి నమోదు చేస్తుంది. మన మలక్‌పేట రేసుకోర్సులో రెండు గుర్రాలు జోడుగా గీత దాటినప్పుడు తీర్పరులు ఫోటో తెప్పించి చూస్తారు. పందేల సంగతి మనకు అక్కరలేదు గాని, ఆ ఫోటో లేకుంటే తీర్పు ఎవరి గొంతు పెద్దదైతే వారిది అవుతుందన్న సంగతి మనకు అక్కరకు వచ్చేదే.

ఓ.డి.బి.సి. ట్రేస్‌లో ప్రతి పిలుపు వెంట ఒక జవాబు అంకె ఉంటుంది. సున్న అయితే పని సఫలమైనదని అర్థం. ఋణ సంజ్ఞతో కూడిన ఒకటి అయితే విఫలమైనదని అర్థం. వంద అయితే ఇవ్వవలసిన వివరం లేదని అర్థం. ఈ మూడింటి నడుమ మరొక అంకె ఉన్నది. అది ఉత్త ఒకటి. దాని అర్థం: పని అయినది, కాని ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఆ చెప్పవలసిన మాట అయిదు అక్షరాల సంకేతంగా వెంట వస్తుంది. 08001 అయితే అనుసంధానమే కుదరలేదు. 28000 అయితే పేరో, సంకేతపదమో చెల్లలేదు. 08ఎస్01 అయితే మాటల నడుమ తీగ తెగినది. 01004 అయితే ఇచ్చిన చోటు చాలక అక్షరాలు కుడివైపున కత్తిరింపబడినవి. ఈ చివరి సంకేతాన్ని పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. ఒక బాలిక చదువు దీని చుట్టూ తిరిగినది.

మేము కొంతకాలం పనిచేసిన ఒక విద్యాసంస్థలో జరిగిన సంగతి ఇది. దాని పేరు ఇక్కడ అప్రస్తుతం. డిగ్రీ రెండవ సంవత్సరం చదువుచున్న ఒక విద్యార్థిని పేరు నాలుగు మాటలది. తాతమ్మ పేరు, తల్లి కోరిన పేరు, వంశం పేరు, తండ్రి పేరు అన్నీ కలిసి వచ్చినవి. ఉపకారవేతనపు దరఖాస్తు పదే పదే తిరిగి వచ్చినది. కారణం: పదవ తరగతి ధృవపత్రంలోని పేరుకు, కళాశాల పంపిన పేరుకు పొంతన లేదు. గుమాస్తా తన తెర చూపించి, ‘సార్, మా దగ్గర పూర్తి పేరే ఉన్నది, చూడండి, అమ్మాయే ఎక్కడో తప్పు నింపి ఉంటుంది’ అన్నాడు. నిజమే, అతని తెర మీద పూర్తి పేరే ఉన్నది. అమ్మాయి తన కాగితాలు చూపించినది. వాటిలోనూ పూర్తి పేరే ఉన్నది. ప్రోగ్రాము అమ్మిన వారిని అడిగితే, ‘మా వైపు ఏ దోషమూ కనబడుట లేదు’ అన్నారు. గంజ్‌లో బస్తాలు మోసే ఆమె తండ్రి మూడు వారాలలో అయిదు దినాల కూలి పోగొట్టుకొని కార్యాలయం మెట్లు ఎక్కినాడు. అయిదవ నాడు ఆయన మాతో, ‘సాబ్, తప్పు మాదే అయితే మాదేనని వ్రాసి ఇవ్వండి, ఏదో ఒకటి తెలిస్తే చాలు’ అన్నాడు. ఆ మాట మమ్ములను నిద్రపోనీయలేదు. తప్పు తనది కాని మనిషి, తప్పు తనదని ఒప్పుకొనుటకు సిద్ధపడినాడు. ఎందుకనగా ఎవరిదో తేల్చే చిట్టా ఎక్కడా లేదు.

మరునాడు కంప్యూటర్ శాఖలోని ఒక యువ సహోద్యోగి మా మొర విని, ఆ యంత్రం ముందు కూర్చున్నాడు. ట్రేసింగు తెరచినాడు. పంపే ఫైలును ఒక్కసారి తయారు చేయించినాడు. వెంటనే ట్రేసింగు మూసినాడు. అంతా పది నిమిషాలు పట్టలేదు. తరువాత ఆ ఫైలులో 01004 అనే సంకేతాన్ని వెదికినాడు. ఒకటి కాదు, 37 చోట్ల దొరికినది. తెర మీద పేరు చూపే ప్రోగ్రాము వేరు, బయటికి పంపే ఫైలు తయారు చేసే ప్రోగ్రాము వేరు. రెండవది పేరుకు 25 అక్షరాల చోటు మాత్రమే ఇచ్చినది. అందులో ఒకటి ముగింపు గుర్తుకు పోగా మిగిలినది 24. డేటాబేస్ పూర్తి పేరు ఇచ్చినది. డ్రైవర్ పట్టినంత మేరకు నింపి, ‘పని అయినది, కాని కుడివైపున కత్తిరించితిని’ అని నిజాయితీగా చెప్పినది. ఆ మాట వినవలసిన ప్రోగ్రాము వినలేదు. సున్న వచ్చినదా, ఒకటి వచ్చినదా అని చూడకుండ సాగిపోయినది.

ఈ 37 మందిలో అధికులు పొడవైన పేర్లు గల ముస్లిం విద్యార్థినులు, నిడివైన ఇంటిపేర్లు గల తెలుగు విద్యార్థులు. ఎవరికీ ఎవరిమీదా ద్వేషం లేదు. పొట్టి పేరు గల ఎవరో ఒక పనివాడు, లోకంలో అందరి పేర్లూ తన పేరంతే ఉంటాయని తలచి ఒక అంకె వేసినాడు. అంతే. ఆ అంకెను సవరించుటకు ఒక్క పూట పట్టినది. 36 మంది దరఖాస్తులు గడువులోపల తిరిగి పంపబడినవి. మొదట ఫిర్యాదు చేసిన ఆ అమ్మాయికి మాత్రం ఆమె కోర్సు గడువు ముందే దాటిపోయినది. ఆ ఏడు ఫీజు ఆమె తండ్రి అప్పు చేసి కట్టినాడు. ట్రేసింగు మొదటి వారంలోనే తెరచి ఉంటే ఆ అప్పు ఉండేది కాదు.

ఇంతకీ దీనిని తెరచుట ఎంత కష్టం? విండోస్ యంత్రంలో ఓ.డి.బి.సి. డేటా సోర్స్ అడ్మినిస్ట్రేటర్ అనే కిటికీ ఉన్నది. అందులో ట్రేసింగ్ అనే అర ఉన్నది. ఫైలు ఎక్కడ వ్రాయవలెనో చెప్పి, ప్రారంభపు మీట నొక్కుట తప్ప వేరే తపస్సు లేదు. రెండు మెళకువలు మాత్రం తెలిసి ఉండవలెను. 32 బిట్ల ప్రోగ్రాములకు ఒక కిటికీ, 64 బిట్ల వాటికి మరొక కిటికీ ఉన్నవి. ఒకదానికి బదులు మరొకటి తెరచి, ఏమీ వ్రాయలేదని విసుగుకొనేవారు అనేకులు. మరియు, ప్రోగ్రాము వేరొక వాడుకరి పేరున నడుస్తుంటే, యంత్రమంతటికీ వర్తించే గడిలో కూడ గుర్తు పెట్టవలెను. లినక్స్ యంత్రంలో యూనిక్స్ ఓ.డి.బి.సి. వాడేవారు దాని అమరిక ఫైలులో ట్రేస్ అనే మాట ఎదుట యెస్ అని వ్రాసి, దాని కింద ఫైలు పేరు వ్రాస్తే చాలును. జావా డ్రైవర్లలో ఎస్.క్యు.ఎల్. సర్వర్ వారిది, పోస్ట్‌గ్రెస్ వారిది జావాతో వచ్చే లాగింగు ఏర్పాటునే వాడుకొంటవి. అందులో ఘోరదోషం మొదలు అతిసూక్ష్మం వరకు ఏడు మెట్లు ఉన్నవి. ఆరాకిల్ జె.డి.బి.సి. డ్రైవర్‌కు చాలాకాలం ట్రేసింగు కొరకు పేరు చివర ‘జి’ అక్షరం గల వేరొక జార్ ఫైలు వాడవలసి వచ్చేది. వీటికి తోడు డేటాబేస్ సర్వర్ తానుగా వ్రాసుకొనే లాగ్ ఉన్నది. మై ఎస్.క్యు.ఎల్.లో ఆలస్యపు ప్రశ్నల లాగ్ తెరచినచో, వేరే చెప్పనంతవరకు, 10 సెకన్లు మించిన ప్రతి ప్రశ్ననూ అది పట్టి ఇస్తుంది.

అనగా సాక్షులు ముగ్గురు. ప్రోగ్రాముకు, డ్రైవర్‌కు నడుమ నిలిచే మేనేజరు వ్రాసే ట్రేస్ ఒకటి, డ్రైవర్ తన సొంతంగా వ్రాసే లాగ్ రెండవది, సర్వర్ లాగ్ మూడవది. ఏ సాక్షి దగ్గర ప్రశ్న సరిగా ఉండి, ఏ సాక్షి దగ్గరికి వచ్చేసరికి చెడినదో చూచినచో దోషం ఏ నడుమ ఉన్నదో తేలిపోతుంది. ప్రోగ్రాము పంపినట్లు ట్రేస్ చెప్పి, సర్వర్ లాగ్‌లో ఆ జాడే లేదనుకొందము. అప్పుడు నేరం నడుమ దారిది. సర్వర్‌కు చేరి, జవాబు 12 సెకన్లకు వచ్చినదనుకొందము. అప్పుడు నేరం ప్రశ్నదో, పట్టికదో. విచారణకు వచ్చిన మనిషిని గద్దించుట ఈ రెండింటిలో ఏ దానికీ మందు కాదు.

రెండు భాషల కళాశాలలకు ఈ విద్య మరింత అవసరం. తెలుగు, ఉర్దూ పేర్లు డేటాబేస్‌లో వ్రాసి తిరిగి తీసినప్పుడు ప్రశ్నార్థకపు గుర్తుల వరుస దర్శనమిచ్చుట మనలో చాలమందికి అనుభవమే. ‘తెలుగు’ అనే మాట కంటికి మూడు అక్షరాలు. కంప్యూటర్ దృష్టిలో హల్లులు, గుణింతాలు విడివిడిగా ఆరు సంకేతాలు. యు.టి.ఎఫ్. 8 పద్ధతిలో ఒక్కొక్కటికి మూడు బైట్ల చొప్పున 18 బైట్లు. అదే ‘ఉర్దూ’ అనే మాటను ఉర్దూ లిపిలో వ్రాసినచో నాలుగు అక్షరాలు, రెండేసి బైట్ల చొప్పున 8 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు. బైట్ల లెక్కన 20 చోట్లు ఇచ్చిన పట్టికలో ఇంగ్లీషు పేరు హాయిగా కూర్చుంటుంది, తెలుగు పేరు గడప దగ్గరే ఇరుక్కుంటుంది. ఇక నడుమ ఎక్కడైనా పాశ్చాత్య భాషల అక్షరాలు మాత్రమే ఎరిగిన సంకేత పద్ధతి అడ్డుపడితే మన అక్షరం ప్రశ్నార్థకంగా మారిపోతుంది. అట్లు మారి పట్టికలో చేరిన తరువాత దానిని తిరిగి అక్షరం చేయుట ఎవరి తరమూ కాదు. అక్షరం ఏ గడప వద్ద చచ్చినదో చెప్పగలిగేది ట్రేస్ ఒక్కటే. రోమన్ లిపిలో మసూద్, సాదియా వంటి పేర్ల నడుమ కొందరు ‘ఐన్’ అక్షరానికి సూచనగా ఒంటి కొటేషన్ గుర్తు వేస్తారు. ఆ గుర్తును చూచి, వాక్యం ముగిసినదని పొరబడి ప్రశ్నంతా విరిగిపోయిన సందర్భాలు కూడ లాగ్‌లోనే పట్టుబడతవి. మన పేర్లను మనమే తెచ్చిన యంత్రం గుర్తింపలేకున్నప్పుడు, పేరు మార్చుకొమ్మని పిల్లలకు చెప్పుట ధర్మమా, యంత్రాన్ని సరిచేయించుట ధర్మమా?

ఇంతవరకు ఒక వైపు చెప్పితిమి. చిట్టాకు రెండవ వైపు ఉన్నది. దానిని దాచుట నిజాయితీ కాదు. ట్రేసింగు ఎప్పుడూ తెరచి ఉంచవలెనని మేము అనుట లేదు. ప్రతి పిలుపును వ్రాయుటలో యంత్రం మందగిస్తుంది. వేల పిలుపులు నడిచే ప్రవేశాల రోజుల్లో ఆ ఫైలు పెరిగి పెరిగి డిస్కు నిండి, చిట్టా వ్రాయబోయి దుకాణమే మూతపడే ప్రమాదం ఉన్నది. అంతకంటె పెద్ద భయం రహస్యాలది. ట్రేస్‌లో ప్రశ్న మాత్రమే కాదు, ప్రశ్నలోని వివరాలు కూడ పడవచ్చును: ఆధార్ సంఖ్య, తండ్రి ఆదాయం, కులం, మతం, బ్యాంకు ఖాతా. కొన్ని డ్రైవర్లు సంకేతపదాన్ని నక్షత్రపు గుర్తులతో కప్పివేస్తవి. అన్నీ అట్లే చేస్తవని నమ్మరాదు. 2018 మే నెలలో ట్విట్టర్ సంస్థ తన వాడుకరుల సంకేతపదాలు లోపలి లాగ్‌లో ఉన్నవి ఉన్నట్లు పడినవని ప్రకటించి, 33 కోట్ల మందిని వాటిని మార్చుకొనుట మేలని కోరవలసి వచ్చినది. 2021 డిసెంబరులో జావా లోకమంతా వాడే లాగ్4జె అనే లాగింగు సాధనంలోనే రంధ్రం బయటపడి, వ్రాతపుస్తకమే దొంగకు ద్వారమైనది.

మా సొంత తప్పును కూడ ఒప్పుకొనవలెను. పైన చెప్పిన 37 పేర్ల సంగతి తేలిన సంతోషంలో ఆ ట్రేస్ ఫైలును ఆ యంత్రపు తెర మీదనే విడిచి వచ్చితిమి. రెండు నెలల తరువాత మరొక పని మీద వెళ్ళి చూస్తే, ఎవరైనా తెరచి చదువదగిన చోట 400 మందికి పైగా విద్యార్థుల వివరాలు అట్లే పడి ఉన్నవి. ఎవరూ చూడలేదనే అనుకొంటున్నాము. అనుకొనుట తప్ప నిరూపించుటకు మా దగ్గర ఆధారం లేదు. న్యాయం కోరి తెరచిన పుస్తకాన్ని మూయుట మరచిన వాడు కూడ దోషియే.

ఈ విషయం ఒక కళాశాల గోడల మధ్య ముగిసేది కాదు. బ్రిటన్ దేశపు పోస్టాఫీసులలో 1999 నుండి హొరైజన్ అనే లెక్కల వ్యవస్థ ప్రవేశించినది. దానిని సమకూర్చినది ఫుజిత్సు సంస్థ. ఆ యంత్రం చూపిన తేడాలను నమ్మి, 1999, 2015 మధ్య 900 మందికి పైగా ఉప పోస్టుమాస్టర్లను దొంగతనం, తప్పుడు లెక్కలు వంటి నేరాల కింద దోషులుగా తేల్చినారు. వారిలో మన ఉపఖండపు మూలాలు గలవారు అనేకులు. సీమా మిశ్రా అనే ఆమె 2010లో గర్భవతిగా ఉండగనే జైలుకు పోయినది. 2019 డిసెంబరులో లండన్ హైకోర్టు ఆ వ్యవస్థలో దోషాలు ఉన్నవని తీర్పు చెప్పినది. 2021 ఏప్రిల్‌లో అప్పీలు న్యాయస్థానం సీమా మిశ్రాతో సహా 39 మంది శిక్షలను రద్దు చేసినది. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి మిగిలిన వందలాది శిక్షలను కొట్టివేసినది. ఇందులో మనము నేర్వవలసినది ఒకటున్నది. యంత్రపు లోపలి నడకను చూపే తనిఖీ నమోదులు అక్కడ ఉన్నవి. కాని వాటిని సక్రమంగా తెప్పించి నిందితుల చేతికి ఇవ్వలేదు. చిట్టా ఉండి కూడ, ఎవరి మీద నింద పడినదో వారికి చూపనినాడు అది లేనిదానితో సమానం.

మన రాష్ట్రం మాట. తెలంగాణలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డుల విషయంలో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు క్షేత్రస్థాయిలో మరల పరిశీలన జరపవలెనని ఆదేశించినది. కంప్యూటర్ వడపోతలో అనర్హుడని తేలిన కుటుంబానికి, ఏ వివరం ఏ పట్టికలోని ఏ వివరంతో పోల్చబడి ఈ నిర్ణయం వచ్చినదని అడిగే హక్కు ఉండవలదా? మొహమ్మద్ అనే ఒక్క పేరునే ఇంగ్లీషులో ఎన్ని విధాల వ్రాస్తారో, పొట్టిగా రెండు అక్షరాలకు ఎట్లు కుదిస్తారో మనకు తెలియును. ఒకే వీధిలో ఒకే పేరు గలవారు పదిమంది ఉండుట వింత కాదు. అట్టి చోట యంత్రం ఇద్దరిని ఒకరనుకొన్నదా, ఒకరిని ఇద్దరనుకొన్నదా అని తేల్చుటకు జాడ కావలెను. జాడ లేకున్నచో బీదవాడు తాను తానేనని నిరూపించుకొనుటకు మెట్లు ఎక్కుచునే ఉంటాడు.

నమోదు విషయంలో మన నగరం వెనుకబడినది కాదు. తార్నాకలోని రాష్ట్ర ప్రాచ్యపత్రాల భాండాగారంలో షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ పాలనా పత్రాలు పారశీక భాషలో నేటికీ భద్రంగా ఉన్నవి. వాటిలో సియాహా హుజూర్ అనే దైనందిన దర్బారు నివేదికలు కూడ ఉన్నవి. ఏ దినాన ఏ ఆజ్ఞ వెలువడినదో, ఎవరికి ఏమి ఇచ్చినారో ఆనాటి లేఖకులు కలంతో వ్రాసి ఉంచగలిగినారు. మీట నొక్కితే వ్రాసే యంత్రం చేతిలో ఉండి మనము వ్రాయించలేకపోవుట ఏమి సబబు?

పాలకవర్గం పెద్దలు ఇక్కడ ఒక ప్రశ్న వేయుదురని మాకు తెలియును. ప్రోగ్రాము అమ్మినవారికి ఏటేటా సొమ్ము కట్టుచున్నాము గదా, ఈ గొడవ వారిది గదా అని. సగం నిజం. యంత్రాన్ని బాగుచేయుట వారిది. కాని విద్యార్థికి జవాబు చెప్పుట మనది. డాక్టరు వైద్యం చేస్తాడు, అయినను జ్వరం ఎంత ఉన్నదో పట్టిక వ్రాసి ఉంచేది ఇంటివారే. చిట్టా మన చేతిలో ఉన్నప్పుడు అమ్మినవారు కూడ ‘మా వైపు దోషం లేదు’ అని ఒక్క మాటతో తప్పుకొనలేరు. ఇదివరకు చెప్పిన సందర్భంలో మూడు వారాలు జవాబు రాని చోట, ట్రేస్‌లోని నాలుగు పంక్తులు పంపిన సాయంత్రానికే జవాబు వచ్చినది.

కావున గౌరవ పాలకవర్గం ముందు అయిదు సూచనలు ఉంచుచున్నాము. మొదటిది, ఇక మీదట ఏ ప్రోగ్రాము కొన్నను, డ్రైవర్ లాగ్, ట్రేస్ తెరచే పద్ధతి వ్రాతపూర్వకంగా ఇవ్వవలెనని ఒప్పందంలో చేర్చవలెను. రెండవది, దోషాలు, హెచ్చరికలు మాత్రమే వ్రాసే చిన్న లాగ్ ఎల్లవేళలా తెరచి ఉండవలెను. సూక్ష్మమైన ట్రేస్ మాత్రం ఫిర్యాదు వచ్చినప్పుడు, ఒక బాధ్యుడి అనుమతితో, ఎన్ని గంటలకు తెరచినది, ఎన్ని గంటలకు మూసినది పుస్తకంలో వ్రాసి తెరవవలెను. మూడవది, ఆ ఫైళ్ళు చదివే అధికారం ఇద్దరికి మించి ఉండరాదు. పని ముగిసిన వెంటనే ట్రేస్ ఫైలును చెరిపివేయవలెను. విద్యార్థుల వివరాలకు రక్షణ మన దయ కాదు, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మన మీద ఉంచిన బాధ్యత. నాలుగవది, సాధారణ లాగ్‌లకు ఒక కాలపరిమితి పెట్టవలెను. సెర్ట్ ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలలో లాగ్‌లను 180 రోజులు భద్రపరచవలెనని ఉన్నది. ఆ కొలతను మనము కూడ ఆదర్శంగా తీసుకొనవచ్చును. అయిదవది, ఇది మాకు అన్నింటికంటె ముఖ్యం: కంప్యూటర్ ఇట్లు చెప్పినదన్న కారణంతో ఏ విద్యార్థి దరఖాస్తునూ, హాజరునూ, హాల్ టికెట్టునూ నిరాకరించుటకు ముందు లాగ్ చూచితిమని బాధ్యుడు సంతకం చేయవలెను. సంతకం లేని నిరాకరణ చెల్లరాదు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో కంప్యూటర్ శాస్త్రం చదివేవారు కొందరు రేపు ఇట్టి ప్రోగ్రాములు వ్రాసేవారే. మీ ప్రోగ్రాము డ్రైవర్‌ను పిలిచిన ప్రతిసారీ వచ్చిన జవాబు అంకెను చూడుడు. సున్న కాని దానిని విడిచిపెట్టకుడు. ‘పని అయినది, కాని ఒక మాట ఉన్నది’ అని యంత్రం చెప్పినప్పుడు ఆ ఒక్క మాట వినుటకు ఆగుడు. పేరుకు చోటు విడిచేటప్పుడు మీ పేరును కాక, మీ తరగతిలోని అతి పొడవైన పేరును తలచుకొనుడు. ఇతర శాఖల వారికి కూడ ఒక మాట. కార్యాలయంలో మీ కాగితం తిరిగి వచ్చినప్పుడు తలవంచుకొని వెనుకకు పోకుడు. మర్యాద తప్పకుండ, లాగ్‌లో ఏమి వ్రాసి ఉన్నదని అడుగుడు. గుమాస్తాను నిందింపకుడు. అతడు కూడ తెర చూపినదే చెప్పుచున్నాడు. చిట్టా తెరచిననాడు మీతో పాటు అతడు కూడ నింద నుండి బయటపడతాడు.

ఆ అమ్మాయి తరువాతి సంవత్సరం ఉపకారవేతనం పొందినది, డిగ్రీ పూర్తి చేసినది. ధృవపత్రం తీసుకొనుటకు వచ్చిన రోజున దానిలో తన పేరులోని నాలుగు మాటలనూ వేలుతో ఒక్కొక్కటిగా తాకి, అన్నీ ఉన్నవని చూచుకొని, సలాం చెప్పి వెళ్ళినది. మన కళాశాలలో ఏ విద్యార్థికీ అట్లు వేలుతో లెక్కపెట్టుకొను అవసరం రాకూడదు. అందుకు పైన చెప్పిన అయిదింటిలో కనీసం చివరిదైనను ఈ విద్యాసంవత్సరంలోనే తీర్మానం కావలెనని పాలకవర్గాన్ని సవినయంగా కోరుచున్నాము.